పన్నెండు గదుల నల్లా

జహీరాబాద్‌లో బొంబాయి రోడ్డుకు రెండు సందుల వెనక ఆ పన్నెండు గదుల వరస ఒక చర్చి ట్రస్టుది. కొత్త పని ఏదైనా చేయిస్తే తప్ప కిరాయి పెంచకూడదనీ, దానికి అద్దెకున్నవాళ్ళంతా సంతకం పెట్టాలనీ పాత కట్టుబాటు. ఈ వేసవిలో ట్రస్టు గదికో నల్లా పెట్టిస్తామంది. కిరాయి నెలకు నాలుగు వందలు ఎక్కువ. పదకొండు సంతకాలు ఒక్క పూటలో అయిపోయాయి. పన్నెండోది కృపది.

ఆమె ఒక ప్రైవేటు దవాఖానలో ఆయా. వెనకా ముందూ ఎవరూ లేరు. రోజు విడిచి రోజు, తెల్లవారాక, వాకిట్లోని ఒకే ఒక్క నల్లాకు నీళ్ళు వచ్చేవి. ఆడవాళ్ళు బిందెలు వరసన పెట్టి, వంతు వచ్చేదాకా లోపల పనులు చూసుకునేవాళ్ళు. బిందె ఉందంటే మనిషి ఉన్నట్టే. కృప సొట్ట బిందె ఎప్పుడూ పక్కగది మహేశ్వరి బిందెను ఆనుకుని ఉండేది.

"కృపక్కా, నీ బిందె నిండింది" అని మహేశ్వరి కేకేసేది.

దవాఖానలో అందరికీ ఆమె ఆయమ్మే. ఆ ఒక్క కేకలోనే తన పేరు ఎగిరొచ్చి గడప మీద వాలేది. ఒకసారి టైఫాయిడ్‌తో లేవలేకపోతే, వరసలో సొట్ట బిందె లేదని చూసి మహేశ్వరే తలుపు తట్టింది.

ట్రస్టు సెక్రటరీ వెస్లీ కాగితంతో వచ్చాడు. పైసల ఫికరైతే ఆమె వరకు తగ్గించమని అడుగుతానన్నాడు. పైసలు కాదంది. మరేమిటంటే, కాగితం తిరిగి అతని చేతిలోనే పెట్టింది.

సాయంత్రం మహేశ్వరి గడప మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటూ, తలెత్తకుండానే అంది.

"నీదంటే ఒక్క బిందె. మా ఇంట్ల ఆరుగురం. ఈ మోకాలుతోని ఇంకెన్నేండ్లు మొయ్యాలె అక్కా?"

కృప నూనె గిన్నె అందుకుని ఆ మోకాలికి తనే రాసింది. మర్నాడు సంతకం పెట్టి కాగితం వెస్లీ వైపు తిప్పింది.

"నా పేరు సదవొస్తున్నదా అన్నా, జర చూడు."

వస్తోందన్నాడు వెస్లీ, చూడకుండానే మడత పెడుతూ.

వాకిట్లో నల్లా పీకేసి, ఆ చోట సిమెంటు పూశారు.

మొదటి నీళ్ళ రోజున కృప బిందెను కొత్త నల్లా కింద పెట్టి, అలవాటుగా వెళ్ళి మంచం మీద కూర్చుంది. మూసిన తలుపుల వెనక ఎవరి వాన వాళ్ళకే కురుస్తోంది. తన బిందెలో నీటి చప్పుడు సన్నబడుతూ సన్నబడుతూ మెడదాకా వచ్చి, పొర్లి, బండల మీదుగా నడిచింది. ఆమె చెవి ఒగ్గి కూర్చునే ఉంది. పాదాలకు చల్లగా తగిలాక లేచి, నల్లా కట్టేసింది.