కత్తిరించిన మొదటి వాక్యం

నేను ఇన్నేళ్లుగా మోస్తున్నది ఒక వాక్యం. ఒక వాక్యానికి ఏం బరువుంటుందని మీరు అడగవచ్చు. దాన్ని కత్తిరించిన రోజున నేనూ అలాగే అనుకున్నాను.

మీ పేరు నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. ఈ ఏర్పాటు ఉండబట్టే రాయగలుగుతున్నాను. ఇది ధైర్యం కాదని తెలుసు.

అప్పట్లో నేను ఎలక్ట్రానిక్స్‌లో పీజీ చేస్తున్నాను. మా విశ్వవిద్యాలయం ఒక సంవాద కార్యక్రమం నడిపేది. పంజాగుట్టలో ఒక మేడ మీది హాలులో కలిసేవాళ్లం. రాజకీయంగా పడనివాళ్లు కేకలు లేకుండా మాట్లాడుకోవడం, ఒక బస్తీ సమస్యను తీసుకుని అక్కడివాళ్ల తరఫున నిలబడడం, ఈ రెండూ మాకు నేర్పేవారు. అందరికీ వర్తించే నియమం ఒకటుండేది. దాన్ని కుర్చీ మార్పు అనేవాళ్లం. ఎవరి తరఫున మాట్లాడబోతున్నామో, ముందుగా వాళ్ల ప్రత్యర్థుల కుర్చీలో కూర్చుని, ఆ ప్రత్యర్థులే విన్నా "అవును, మా మాట ఇదే" అనేంత నిజాయితీగా వాదించాలి. ఎవరి కుర్చీలో ఉన్నామో మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఆ ప్రసంగాన్ని రికార్డు చేసేది, మాట్లాడినవాళ్లు తమను తాము విని దిద్దుకోవడానికి. అది హాలు దాటకూడదు. మైకులు, రికార్డులు నా బాధ్యత.

ఆ ఏడాది మేము తీసుకున్నది అమీర్‌పేట ఫుట్‌పాత్ మీది దర్జీల సమస్య. చీరలకు ఫాల్ కుట్టేవాళ్లు, ప్యాంట్లు కురచ చేసేవాళ్లు. బట్టల దుకాణాల మెట్ల ముందు మిషన్లు వేసుకునేవారు. వాటిని తీసేయాలని దుకాణదారులు అర్జీ పెట్టారు. ఇరుపక్షాలనూ మాసబ్ ట్యాంక్‌లోని ఒక ప్రభుత్వ కార్యాలయానికి పిలిచారు. తమ తరఫున మాట్లాడడానికి దర్జీలు మాలో ఒకరిని ఎంచుకోవాలి. రాజేందర్‌ను ఎంచుకున్నారు. నేత పనివాళ్ల ఊరి నుంచి వచ్చి, యూసుఫ్‌గూడలో గది తీసుకుని చదువుకుంటున్న అబ్బాయి. ఆ దర్జీల్లో ఒకరైన లక్ష్మి అతనికి చిన్నమ్మ.

ఆ అవకాశం నాకు రావాలనుకున్నాను. ఇది ముందే చెప్పాలి. తర్వాత చెబితే సాకులా ఉంటుంది.

ఒకరోజు పంజాగుట్టలోని ఇరానీ హోటల్లో రాజేందర్ టీ తాగుతూ కనిపించాడు. ఎదురుగా అమీర్‌పేట బట్టల దుకాణం యజమాని. అర్జీ మీద మొదటి సంతకం ఆయనదే. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. లేస్తూ ఆయన రాజేందర్ భుజం మీద చెయ్యి వేశాడు. అదే వారంలో మరోసారి చూశాను, అదే బల్ల దగ్గర. నేను ఎవరికీ చెప్పలేదు. అతన్ని అడగనూ లేదు. అడిగితే సమాధానం వస్తుంది, సమాధానం వస్తే అనుమానం పోతుంది. అది పోవడం నాకు ఇష్టం లేదేమో.

తర్వాత అతని కుర్చీ మార్పు జరిగింది. మొదటి వాక్యం చెప్పాడు. కాసేపు ఆగాడు. ఇక దుకాణదారుడై మాట్లాడాడు. ఫుట్‌పాత్ నడిచేవాళ్లదన్నాడు. తన చిన్నమ్మ మిషన్ వల్లే ఒక ముసలామె రోడ్డు మీదికి దిగాల్సి వస్తోందని, బండి గుద్దితే జవాబెవరిదని అడిగాడు. మిషన్లు తియ్యాల్సిందే అన్నాడు. అతను వాళ్ల మనిషేనన్న నా అనుమానం రూఢి అయింది. ధ్వని ఇంత స్వచ్ఛంగా వచ్చిందంటే మూలం దగ్గరలోనే ఉందని మైకుల పనిలో మా లెక్క. మనిషికీ అదే సూత్రం వర్తిస్తుందనుకున్నాను. నమ్మని మాటను ఎవరైనా ఇంత బాగా చెప్పగలరా?

రికార్డు కాపీని నా ఫోనులోకి ఎక్కించుకుని, అందులో ఆ మొదటి వాక్యాన్నీ దాని వెనకాల విరామాన్నీ కత్తిరించాను. ఫ్యాన్ హోరు తగ్గించడానికని నాకు నేను చెప్పుకున్నాను. హోరు రికార్డు పొడవునా ఉంది. మొదలును మాత్రమే ఎందుకు కోశాను?

మర్నాడు మధ్యాహ్నం అమీర్‌పేట వెళ్లాను. దర్జీల పెద్ద యాదగిరి నన్ను చూసి నవ్వాడు.

"ఏం మేడం, మా ప్యాంట్లకు సుత మైకులు పెడ్తవా ఏంది?"

"ఒకటి వినాలి మీరు. నేనేమీ అనను."

ఫోను చెవికి పెట్టుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. పక్క మిషన్ వైపు ఫోను చాచాడు.

"లక్ష్మక్కా, జర విను. గిది మీ రాజుగాని గొంతేనా?"

ఆమె తొక్కడం ఆపింది. చివరిదాకా విన్నది.

"గొంతు మావోనిదే. మాట మావోనిది కాదు." నా వైపు తిరిగింది. "బిడ్డా, దీనికి ముందట ఏమన్న అన్నడా?"

"ఇంతే ఉంది" అన్నాను.

ఫైలులో ఇంతే ఉంది. సాంకేతికంగా అది అబద్ధం కాదు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్లు నన్ను నేను కాపాడుకున్నాను.

"అట్లయితే దుకాణపోళ్ల దిక్కే కూసోమను" అన్నాడు యాదగిరి. "మన దిక్కు వద్దు."

మాసబ్ ట్యాంక్ సమావేశానికి దర్జీలు రాజేందర్‌ను రానివ్వలేదు. రికార్డు చేయడానికి నేను వెళ్లాను. దర్జీలు తామే మాట్లాడారు. మాట్లాడడం కాదు, అరిచారు. కాసేపటికి ఆ దుకాణం యజమాని నన్ను అడిగాడు, "ఆ అబ్బాయి రాలేదేంటండీ? మా ఇబ్బందేంటో రెండుసార్లు వచ్చి అడిగి తెలుసుకున్నాడు. మిషన్లు మెట్ల పక్కకు జరిపి నడవడానికి దారి వదిలితే సరిపోతుందన్నాడు. మేం సరేనన్నాం కూడా."

ఆ టీ అందుకన్నమాట. ప్రత్యర్థి మాటను నిజాయితీగా చెప్పాలంటే ముందు అతని దగ్గరికి వెళ్లి వినాలి. మా నియమమే అది. నాకు తెలియనిదా?

"వాడు చెప్పిన తొవ్వయితే మాకొద్దు" అని యాదగిరి లేచాడు.

అప్పుడు నేను నోరు తెరవాల్సింది. అందరూ గదిలోనే ఉన్నారు. ఒక్క వాక్యం చాలు. లక్ష్మి నా వైపు చూస్తోంది. నేను మైకు తీగ చుట్టుకుంటూ కూర్చున్నాను.

రాజీ కుదరక మిషన్లు వెనక సందులోకి పోయాయి. అటు బేరాలు రాలేదు. లక్ష్మి తన మిషన్‌ను యూసుఫ్‌గూడకు, తానుండే గది గుమ్మం ముందుకు మార్చుకుంది. రాజేందర్‌తో మాట్లాడడం మానేసింది; అతను చెప్పుకోబోయినా వినలేదు, రికార్డు ఎవరు తెచ్చారో చెప్పనూ లేదు. హాలులోనూ అందరికీ అందరి మీదా అనుమానమే. ఆ తర్వాత ఎవరూ ఎదుటివాళ్ల కుర్చీలో మనసుపెట్టి కూర్చోలేదు. తమ మాట ఎవరి చెవిన పడుతుందోనని తూచి తూచి పలికారు. రాజేందర్ కార్యక్రమం వదిలి వెళ్తూ నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, గా రికార్డులు జర భద్రంగ పెట్టు. ఎవరో తీస్తున్నరు."

నన్ను అనుమానించని మనిషి అతనొక్కడే.

అనుమానం వచ్చింది కాబట్టి కత్తిరించానా, కత్తిరించాలని ఉంది కాబట్టి అనుమానాన్ని తెచ్చిపెట్టుకున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేదు. ఈ రాతను కూడా నేను పూర్తిగా నమ్మడం లేదు. నా కుర్చీలోనే కూర్చుని రాస్తున్నానా, మీరు జాలిపడే మరో మనిషి కుర్చీలోనా? మీరు క్షమించినా అది చెల్లదు. క్షమించాల్సినవాళ్లకు విషయం తెలియదు. ఇది వాళ్ల కంట పడితే గుర్తుపట్టాలనే వాళ్ల పేర్లు మార్చలేదు.

అసలు రికార్డును చెరపలేదు. అందులో రాజేందర్ గొంతు ఇలా మొదలవుతుంది: "దుకాణపోళ్ల కుర్చీల కూసొని వాళ్ల మాట చెప్తున్న, మా చిన్నమ్మ మిషన్ ఆడనే ఉండాలన్నదే నా మాట."

లక్ష్మి అడిగింది దీన్నే. దీనికి ముందట ఏమన్న అన్నడా అని.

అన్నాడు.