కార్డు అడిగిన చెయ్యి

నమ్మకపోతే నమ్మకండి. కానీ మధ్యలో నవ్వకండి. ఇది విని ఇదివరకు ఇద్దరు నవ్వారు. వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి. ఎక్కడ కూర్చుని నవ్వారో కూడా గుర్తుంది.

నేను తాగను. ఆ రాత్రి నాకు జ్వరం లేదు. నిద్రమాత్ర వేసుకోలేదు. విమానం నడిపేవాణ్ణి... ఆరు నెలలకోసారి డాక్టర్లు నా కళ్ళూ చెవులూ పరీక్షించి, బాగున్నాయని సంతకం పెడతారు. ఆ కళ్ళతోనే చూశాను. ఆ చెవులతోనే విన్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేను ఎందుకు అలా వణికిపోయానో మీకు అర్థం కాదు.

విమానంలో పైలట్లిద్దరి వెనక ఒక చిన్న మడత సీటు ఉంటుంది. జంప్‌సీట్ అంటాం. సొంత పనిమీద ఊరు వెళ్ళాల్సిన పైలట్‌కి టికెట్ దొరక్కపోతే, కాక్‌పిట్ తలుపు దగ్గరికి వెళ్ళి ఆ సీటు అడుగుతాడు. కంపెనీ వేరైనా సరే. లైసెన్సు చూపిస్తాడు. పైలట్ల సంఘం కార్డు చూపిస్తాడు. "కూర్చోవచ్చా కెప్టెన్?" అంటాడు. కెప్టెన్ సరేనంటేనే లోపలికి అడుగు పెడతాడు. సీటు కళ్ళముందు ఖాళీగా ఉన్నా, ఆ మాట రాకుండా కూర్చున్న పైలట్‌ని నేను చూడలేదు. అది మా మధ్య ఉన్న మర్యాద.

ఆ మర్యాద నాకు ఒకాయన చెయ్యలేదు.

కెప్టెన్ సోమిరెడ్డి. పని చేసేది వేరే కంపెనీలో. ఉండేది మాత్రం మా తార్నాకలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల. సంఘంలో పెద్ద మనిషి. రెండేళ్ళ కిందట నేను ముంబైలో ఉన్నాను. మా నాన్న ఇక్కడ ఆస్పత్రిలో. "ఈ రాత్రికల్లా వచ్చెయ్" అని అమ్మ ఫోను. టికెట్లు లేవు. హైదరాబాదు వచ్చే విమానం కాక్‌పిట్‌లో సోమిరెడ్డి ఉన్నాడు. వెళ్ళి అడిగాను.

"కార్డు?" అని చెయ్యి చాచాడు.

"రద్దు చేశారు కదా సార్. మీకు తెలుసు."

"తెలుసు. మరి సమ్మె రోజు విమానం ఎందుకు తీసినవ్?"

ఎందుకు తీశానో మీకు చెప్తాను. సెలవుల విషయంలో నాకు అన్యాయం జరిగిందని సంఘానికి పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికి జవాబు లేదు. నా కష్టం వాళ్ళకి పట్టనప్పుడు వాళ్ళ సమ్మె నాకెందుకు? ఈరోజు అడిగినా అదే అంటాను.

అక్కడ మాత్రం అదేమీ అనలేదు. "సార్... మా నాన్న..." అన్నాను.

"నాకు బాధ లేదా తమ్మీ? కానీ గీ సీటు ఊకెనే రాలే. సంఘం కొట్లాడి తెచ్చింది. సమ్మె ఇరగ్గొట్టినోనికి ఇస్తే, రేపు మిగిలినోళ్ళకు ఏం మొహం చూపియ్యాలె?"

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలుపు మూశాడు.

ఆ విమానం తొమ్మిదిన్నరకి హైదరాబాదులో దిగింది. మా నాన్న పదకొండింటికి పోయారు. నేను తెల్లారి వచ్చాను. ఆ రాత్రి గదిలోకి ఎవరు అడుగు పెట్టినా, కళ్ళు తెరవకుండానే "వాడేనా?" అని అడిగారట. నర్సు వచ్చినా అదే మాట.

ఈ వేసవి మొదట్లో సోమిరెడ్డి గుండెపోటుతో పోయాడు. రెండు వీధులే. నేను వెళ్ళలేదు. మా ఆవిడ వెళ్ళింది. వచ్చాక రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఇదీ వెనక కథ. ఇప్పుడు ఆ రాత్రి.

మీకు తెలుసు కదా ఇక్కడి రోజులు. తెలంగాణ కోసం మా పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్ మండిపోతోంది. వారంలో రెండు రోజులు బంద్. తార్నాక చౌరస్తాలో ఎప్పుడు చూసినా పోలీసు బండ్లు. బంద్‌ల వల్ల అప్పటికే రెండుసార్లు నేను డ్యూటీకి అందలేదు. మూడోసారి అందకపోతే ఉద్యోగం ఉండదని కంపెనీ కాగితం చేతికిచ్చింది. మర్నాడు మళ్ళీ బంద్. అయిదింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. రెండున్నరకి కంపెనీ వ్యాన్ రావాలి.

రాలేదు. డ్రైవర్ యాదగిరి ఫోన్ చేశాడు.

"సార్, తార్నాక దిక్కు బండి రానిస్తలేరు. పోలీసోళ్ళు రోడ్డుకు అడ్డం ముళ్ళకంచె ఏసిన్రు. నేను అడిక్‌మెట్ దిక్కు గేటు బయట ఆగిన. మీరు జర క్యాంపస్‌లకెళ్ళి నడుచుకుంట రాండ్రి. మూడున్నర దాటితే నాకు కష్టమయితది సార్."

మా ఆవిడ ఒక్కటే అంది. "యూనిఫాం మీద ఏదైనా కప్పుకోండి." కప్పుకోలేదు. నేనుండే చోట నేను దాక్కుని నడవడమేమిటి?

క్యాంపస్ గేటు లోపల టైరు కాలుతోంది. చుట్టూ అయిదారుగురు విద్యార్థులు. టార్చి వెలుతురు నా భుజం మీది చారల మీద పడింది.

"ఎవరది? పోలీసా?"

"కాదు బాబూ. పైలట్ని."

"పైలటా! గీ రోడ్డు మీద ఏం ఇమానం నడుపుతవే అన్నా?"

అందరూ నవ్వారు. గడ్డం ఉన్న ఒకతను మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చాడు.

"ఏ ఊరు సార్ మీది?"

"తార్నాక."

"అది ఇల్లు. నేను ఊరడిగిన."

"పుట్టింది తెనాలి. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను."

టైరులో తీగ ఏదో టప్పున పేలింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"భయపడకుండ్రి సార్, మేమేం జేయం. మా కొట్లాట మీతోని కాదు," అన్నాడతను. "ఎటు పోవాలె?"

"అడిక్‌మెట్ గేటు."

"సీదా పోయి రాతి బిల్డింగు కాడ ఎడమకు తిరుగుండ్రి. నీళ్ళు తాగుతరా?"

వద్దన్నాను. తాగి ఉండాల్సింది. ఆ తర్వాత చాలాసేపటిదాకా మళ్ళీ మనిషి గొంతు వినబడలేదు.

నడిచాను. దీపాలు తీసేశారు. సాయంత్రం పేల్చిన బాష్పవాయువు ఘాటు చెట్ల కింద ఇంకా ఉంది. కళ్ళు మండుతున్నాయి. నా బూట్ల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కుక్కలు కూడా మొరగడం లేదు. రాతి భవనం దగ్గర గడియారం చూసుకున్నాను. మూడు కావడానికి పది నిమిషాలు. అక్కడినుంచి గేటు పావుగంట నడక.

ఎడమకి తిరిగాను.

రోడ్డు పక్కన ఒక తెల్ల వ్యాన్ ఆగి ఉంది.

లైట్లు లేవు. ఇంజిన్ చప్పుడు లేదు. పక్క తలుపు బార్లా తెరిచి ఉంది. యాదగిరే ఎలాగో లోపలికి వచ్చేశాడనుకున్నాను. ప్రాణం లేచివచ్చింది. దాదాపు పరుగెత్తాను.

తలుపు దగ్గరికి వెళ్ళగానే మొహానికి చల్లగా తగిలింది. మే నెల. రాళ్ళు ఇంకా వేడి కక్కుతున్నాయి. లోపలినుంచి మాత్రం చలి. ఆ చలికి ఒక వాసన ఉంది... మూసి ఉన్న కాక్‌పిట్ వాసన. పాత రెగ్జిన్, చల్లారిన కాఫీ. ఇరవై ఏళ్ళుగా పీలుస్తున్న వాసన. పొరబడను.

లోపల చీకటి. తలుపుకి దగ్గరగా ఒక మడత సీటు దించి ఉంది. ఖాళీగా. దాని పక్కన ఒకాయన కూర్చుని ఉన్నాడు. అటు తిరిగి ఉన్నాడు. భుజం మీద నాలుగు చారలు. అంటే కెప్టెన్. వెనక వరసల్లో ఇంకా ఎవరో ఉన్నారు. మొహాలు కనబడలేదు. చప్పుడు మాత్రం వినబడుతోంది. బెల్టులు పెట్టుకుంటున్నారు. క్లిక్... కాసేపు ఆగి ఇంకొకటి. క్లిక్... ఇంకా వెనక ఇంకొకటి. చిన్న వ్యాన్ అది. ఆ చప్పుళ్ళు మాత్రం వెనక్కి వెళ్తూనే ఉన్నాయి... దూరంగా...

ఇంకెవరైనా అయితే ఎక్కి కూర్చునేవాళ్ళు. వ్యానే కదా. ఆలస్యమవుతోంది కదా. నేను ఎక్కలేదు. అలవాటు. ఖాళీ మడత సీటు, పక్కన నాలుగు చారలు... నా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"కూర్చోవచ్చా కెప్టెన్?"

బెల్టుల చప్పుడు ఆగిపోయింది. మొత్తం.

ఆయన ఇటు తిరిగాడు. నెమ్మదిగా... ముందు భుజం, తర్వాత మెడ, తర్వాత మొహం.

సోమిరెడ్డి.

పోయి నెల దాటిన మనిషి. మొహం మామూలుగానే ఉంది. అదే ఎక్కువ భయం. గడ్డం గీసుకుని ఉన్నాడు. టై సరిగ్గా ఉంది. నన్ను గుర్తుపట్టినట్టు చూశాడు. చెయ్యి చాచాడు.

అరచెయ్యి పైకి. వేళ్ళు కొంచెం వంచి. కార్డు కోసం.

నా కాలు వెనక్కి పడలేదు. ఆ చెయ్యి అలాగే ఉంది. కదలదు. వణకదు. ఎంతసేపో...

అప్పుడు వెనకనుంచి దగ్గు వినబడింది.

మా నాన్న దగ్గు ఎలా ఉండేదంటే... రెండు చిన్నవి, ఒక పెద్దది, తర్వాత గొంతు సవరించుకోవడం. చిన్నప్పుడు ఆ దగ్గు వీధి మలుపులో వినబడగానే పుస్తకం తీసేవాణ్ణి. రెండు చిన్నవి... ఒక పెద్దది... గొంతు సవరించుకున్నారు.

"వాడేనా?"

చెప్తున్నాను, ఆ క్షణం భయం పోయింది. ఎక్కాలనిపించింది. చెయ్యి తలుపు పట్టుకుంది. కాలు మెట్టు మీద పెట్టేశాను. సోమిరెడ్డి చెయ్యి నా ఛాతీకి ఎదురుగా వచ్చి ఆగింది. తాకలేదు. మంచు పెట్టె తలుపు తీసినట్టు చలి కొట్టింది.

"కార్డు?"

"లేదు," అన్నాను. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. "లేదు సార్. ఇప్పుడు కూడానా? లోపల మా నాన్న ఉన్నారు సార్..."

ఆయన వెనక్కి ఒకసారి చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. గొంతు బతికున్నప్పటిదే.

"సీటు ఉన్నది తమ్మీ. నీకు ఇయ్య."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తలుపు జరిగింది. మూసుకుంది. వ్యాన్ తలుపు చప్పుడు కాదది. కాక్‌పిట్ తలుపు గొళ్ళెం పడే చప్పుడు.

వ్యాన్ కదిలింది. చక్రాల కింద ఎండుటాకులు నలిగాయి. అది విన్నాను. ఇంజిన్ మాత్రం వినలేదు. అడిక్‌మెట్ వైపే వెళ్ళింది. వెనకాల పరుగెత్తాను. "నాన్నా" అని అరిచాను. యాభై ఏళ్ళ మనిషిని, యూనిఫాంలో.

గేటు దగ్గర యాదగిరి ఉన్నాడు. నన్ను చూసి పరుగున వచ్చాడు.

"ఎటు పోయిన్రు సార్? ఎన్ని ఫోన్లు కొట్టిన! నాలుగున్నర అయితున్నది!"

నాలుగున్నర. పావుగంట నడక. నేను ఆ తలుపు దగ్గర ఉన్నది రెండు నిమిషాలో మూడో. మిగతా సమయం ఏమయిందో నాకు తెలియదు. ఫోన్ జేబులోనే ఉంది. ఒక్కసారి కూడా మోగలేదు.

"ఇప్పుడు ఇటునుంచి ఒక తెల్ల వ్యాన్ బయటికి పోయిందా?"

"ఏడికెళ్ళి పోతది సార్? గేటుకు తాళం ఉన్నది. మీరు గూడ గీ పక్క సందులకెళ్ళే వచ్చిన్రు." నా మొహంలోకి చూశాడు. "సార్... గట్ల వణుకుతున్నరేంది? మీ అంగీ ఇంత సల్లగున్నదేంది?"

ఎయిర్‌పోర్టు చేరేసరికి నా విమానం ఇంకొకరు తీసుకెళ్ళారు. మూడోసారి. ఉద్యోగం పోయింది.

తర్వాత పట్టపగలు ఆ రోడ్డుకి వెళ్ళాను. గడ్డం అబ్బాయి కనబడ్డాడు. ఆ రాత్రి పదింటి నుంచి క్యాంపస్‌లో ఒక్క బండి కూడా తిరగలేదని చెప్పాడు. పోలీసు వ్యాన్ అయ్యుంటుందని మా ఆవిడ అంటుంది. బాష్పవాయువు తలకెక్కిందని తమ్ముడు అంటాడు. అననివ్వండి. ఆ దగ్గు వాళ్ళు వినలేదు.

రెండు వారాల కిందట సంఘం కొత్త కార్యదర్శి మా ఇంటికి వచ్చింది. స్రవంతి అని, చిన్న వయసు కెప్టెన్.

"బంద్ రోజు రాలేకపోతే అది పైలట్ తప్పు కాదు సార్. మీ తరఫున కొట్లాడతాం, మీ ఉద్యోగం తెప్పిస్తాం. కానీ మీరు మెంబర్ అయ్యుండాలి. ఈ ఫారం మీద సంతకం పెట్టండి చాలు."

"నా పదకొండు ఉత్తరాలో?"

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. పదకొండూ. "ఇన్నాళ్ళూ ఎవరూ చదవలేదు సార్. నేను చదివాను. మీదే న్యాయం. జవాబులు నేను రాస్తాను."

ఇన్నేళ్ళు ఏ మాట కోసం చూశానో ఆ మాట ఆ పిల్ల అనేసింది. ఇక నాకు సంఘం మీద ఫిర్యాదు లేదు.

అయినా ఫారం ఇంకా బల్ల మీదే ఉంది. పేరు రాశాను. చిరునామా రాశాను. సంతకం దగ్గర ఆగిపోయాను.

సోమిరెడ్డి నన్ను రెండోసారి అవమానించాడా? లేక ఎక్కకూడని చోట ఎక్కనివ్వకుండా ఆపాడా? అసలు వచ్చింది సోమిరెడ్డేనా? ఎంత ఆలోచించినా తేలడం లేదు. ఒకటే తెలుసు. ఆ రాత్రి నన్ను ఆపడానికి ఆయన చేతిలో ఉన్న కారణం ఒక్కటే... నా దగ్గర కార్డు లేదు.

సంతకం పెడితే కార్డు వస్తుంది. ఉద్యోగం వస్తుంది. మళ్ళీ ఏదో ఒక బంద్ ముందురోజు రాత్రి ఆ రోడ్డు మీద నడవాల్సి వస్తుంది. ఆ తలుపు తెరిచి ఉంటే... ఆ చెయ్యి చాచితే... లోపలినుంచి మా నాన్న "వాడేనా?" అంటే...

జేబులో కార్డు పెట్టుకుని, లేదని చెప్పగలనా?