మజ్జిగ పడిన కీబోర్డు

మా ముత్తాత ఈ ఊరికి మునసబు. శిస్తు కట్టలేని రైతు మా అరుగు కింద నిలబడి గడువు అడిగేవాడు. ఆయన తలూపితే గడువు దొరికినట్టే. మా తాతకు పొగాకు కాల్చే బ్యారన్లు మూడు, రెండు జతల ఒంగోలు ఎడ్లు ఉండేవి. ఆ ఎడ్లను చూడటానికే అద్దంకి నుంచి మనుషులు వచ్చేవారట. మా నాన్న ఒక దఫా సర్పంచిగా చేశాడు. ఓడిపోయాక కూడా ఊరంతా ఆయన్ని ప్రెసిడెంటుగారనే పిలిచింది. నేను అద్దంకిలో ఒక ప్లీడరుగారికి టైపు చేసిపెట్టేవాణ్ణి.

పాత దస్తావేజులు చదివి లాప్‌టాప్‌లోకి ఎక్కించడం నా పని. ఆ గొలుసుకట్టు రాత ఇప్పటివాళ్లకు కొరుకుడు పడదు. అలాంటి కాగితాలు పెట్టెల నిండా ఉన్న ఇంట్లో పెరిగాను కాబట్టి నాకు తెలుసు. ఇది గుమాస్తా పని కాదని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఇల్లు మాత్రం దాని మీదే నడిచేది.

నిరుడు మార్చిలో ఒక కేసు కాగితాల కట్ట ఇచ్చి, సోమవారం కోర్టు తెరిచే వేళకు కావాలన్నారు ప్లీడరుగారు. అంతకుముందు రెండుసార్లు ఆలస్యం చేశాను. ఈసారీ అలా జరిగితే వేరేవాళ్లను చూసుకుంటానని మర్యాదగానే చెప్పారు. శుక్రవారం ఉదయానికి మూడొంతులు పూర్తయింది. మా మేడ మీద, మా చేను చేసే కౌలుదారు ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఆ ఘాటుకు తుమ్ము వచ్చి, చేతిలోని మజ్జిగ గ్లాసు కీబోర్డు మీద ఒలికింది. సగం మీటలు నొక్కితే లేవలేదు.

"బస్టాండు పక్కన రిపేరు షాపు ఉందిగా, తీసుకెళ్లండి," అంది నా భార్య.

"అక్కడికి నేను వెళ్లను."

"ఎందుకెళ్లరు? ఆ షాపతని తాత మీ ఇంట్లో పాలేరనేగా? ఆ తాతా పోయాడు, ఈ తాతా పోయాడు. మధ్యలో మజ్జిగ చేసిన పాపమేంటి?"

మా దొడ్లో ఎడ్లు కట్టినవాడి మనవడి ముందుకెళ్లి, ఇది పాడైంది బాగుచెయ్యమని నిలబడటం నా వల్ల కాదనుకున్నాను. అలా అనుకోవడం తప్పని ఇవాళ్టికీ నాకు తోచదు.

ఫోనులో వీడియో చూస్తూ, కళ్లజోడుకు వాడే చిన్న స్క్రూడ్రైవరుతో అడుగు మూత విప్పాను. రిబ్బను లాంటి పల్చటి పట్టీ ఊడదీస్తే కీబోర్డు చేతికి వచ్చింది. మంచినీళ్లతో కడిగి, మేడెక్కి, పట్టా మీద మిరపకాయల పక్కనే ఎండబెట్టాను. గంటకోసారి తిరగేశాను.

"ఇదేం రకం కాయండీ, తేజానా?" అన్నాడు కౌలుదారు.

నేను నవ్వలేదు.

శనివారం సాయంత్రం దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. కాయ ఎండిందో లేదో మేం అలాగే చూస్తాం. లోపల గింజలు గలగలమంటే ఎండినట్టు. మీటలు గలగలమన్నాయి. మళ్లీ బిగించి స్విచ్చి నొక్కితే తెర వెలిగింది. నా భార్య వంటింట్లోంచి వచ్చి నా వెనక నిలబడింది. రెండు పంక్తులు కొట్టాను. మూడో పంక్తిలో కాలిన వాసన వచ్చి తెర నల్లబడింది. ఇక వెలగలేదు.

ఆదివారం పొద్దున ఆ షాపుకే వెళ్లాను. అతను నన్ను చూసి లేచి, కుర్చీ తుడిచి వేశాడు.

"ఫోను చేస్తే నేనే ఇంటికొచ్చేవాణ్ణి కదండీ బాబుగారు."

విప్పి చూశాడు. "ఎండలో పెట్టారా?"

"పెట్టాను."

"పైపైన ఎండిందండీ. ఇదిగో, ఈ రెండు పొరల మధ్య తడి అట్టాగే ఉండిపోయింది. తొడిమ దగ్గర పచ్చి ఆరని కాయని బస్తాకెత్తినట్టయింది. బోర్డు కాలింది. మొన్ననే తెచ్చుంటే పక్కన వేరే కీబోర్డు తగిలించి ఇచ్చేవాణ్ణి, మీ పని ఆగేది కాదు."

"ఇప్పుడు?"

"ఇది ఇక పనికిరాదండీ. మీరు రాసుకున్నవి మాత్రం లోపల భద్రంగానే ఉన్నాయి. నా లాప్‌టాప్‌లోకి ఎక్కిస్తా, ఇక్కడే కూర్చుని మిగతాది కొట్టుకోండి. షాపు ఇవాళంతా మీదే అనుకోండి."

అతని బల్ల రోడ్డు వైపుకు ఉంది. బస్సు దిగిన మా ఊరివాళ్లందరూ దాని ముందు నుంచే నడవాలి.

"అక్కర్లేదు," అన్నాను.

"పోనీ ఇంటికి పట్టుకెళ్లండి. పనయ్యాకే తెచ్చివ్వండి."

"మా ఇంట్లో అరువు వస్తువుతో పని చేసే అలవాటు లేదు."

అతను మరలన్నీ ఏరి చిన్న కవర్లో వేసి, లాప్‌టాప్‌తో పాటు నా చేతికిచ్చాడు.

"ఏమన్నాడు?" అని ఇంటి దగ్గర నా భార్య అడిగింది.

"బాగు కాదన్నాడు."

అతను అన్న మిగతా మాటలు ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.

సోమవారం కట్ట తిరిగి ఇచ్చేశాను. ప్లీడరుగారు కోప్పడలేదు. "సరేలెండి, ఎండలు ముదిరాయి, తిరగబాకండి," అన్నారు. మళ్లీ పిలవలేదు. నేనూ వెళ్లి అడగలేదు.

జూన్‌లో, వానలకు ముందు, వాగు పక్కన మాకు మిగిలిన ఆ ఎకరం చేనూ అమ్మేశాం.