దుర్గ్ స్టేషన్‌లో అందరి మేనత్త

అప్పలనరసమ్మ గురించి చెప్పమంటే నాకు నవ్వు ముందొస్తుంది, మాట వెనకొస్తుంది. భిలాయి సెక్టర్ 4 బడిలో ఏళ్ళ తరబడి తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, అయినా సరే!

దుర్గ్ స్టేషన్ తెల్లదొరల నాటిది. ముందు లావుపాటి స్తంభాల పోర్టికో. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వేసవి సెలవులకు వచ్చే మన చుట్టాలకు భిలాయి అక్కడే మొదలయ్యేది. ఆ స్తంభాల్లో ఒకదానికి ఆనుకుని అప్పలనరసమ్మ నిలబడేది. ఉక్కు ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో భర్త దాలయ్యతో ఇటుకలు మొయ్యడానికి వచ్చింది. ఆయన పోయినా రుఆబాంధా బస్తీలో గుడిసె వదల్లేదు. డ్యూటీలో ఇరుక్కుని స్టేషన్‌కు రాలేని అల్లుళ్ళ బదులు చుట్టాలను తనే దించుకునేది. మైత్రీబాగ్ జూలో పులినీ, శివనాథ్ నది ఒడ్డునూ, ఫ్యాక్టరీ పొగగొట్టాలనూ చూపించి ఇంటికి చేర్చేది. ఇచ్చింది పుచ్చుకునేది.

హిందీ రాక బిత్తరపోయినవాళ్ళకు ఆవిడ కేక చాలు: "ఓలమ్మా, ఇటు రండర్రా! నాను మీ మేనత్తని!"

పక్కనే అద్దె కార్ల స్టాండు పెట్టిన వాసుదేవరావుకు ఇది కంటగింపైంది. అతనూ మనవాడే. డెబ్బై ఎనిమిది వేసవిలో ఒక పొద్దున పోలీసును వెంటబెట్టుకొచ్చాడు. బండికొచ్చే బావమరిది పైడిరాజు కోసం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. లైసెన్సు లేకుండా ప్యాసింజర్లను పట్టుకుంటే ఇక స్టేషన్ గడప తొక్కనివ్వనన్నాడు పోలీసు.

"సుట్టాల్ని పిలుసుకోడానికి లైసెన్సేటి బాబూ? నానెక్కడికీ ఎల్లను."

"సుట్టాలంట! ఒక్కడి పేరు సెప్పు, సూద్దాం," అన్నాడు వాసుదేవరావు.

"పేరు నీకెందుకురా, దిష్టెట్టడానికా?"

పోలీసు అప్పుడే బండి దిగినవాళ్ళ వైపు తిరిగాడు. ముందున్నాయన పేరు ఏసురత్నమని తర్వాత తెలిసింది; మెడలో సిలువ గొలుసు. అప్పలనరసమ్మ నుదుట రూపాయి కాసంత బొట్టు. రెంటినీ మార్చి మార్చి చూసి, "యే తుమ్హారీ కౌన్ హై?" అన్నాడు.

"ఈవిడ మీకేమవుతుందని అడుగుతున్నాడు," అన్నాను నేను.

ఏసురత్నం ఆవిడ మొహం అంతకుముందెప్పుడూ చూసి ఎరగడు. ట్రంకుపెట్టె కింద పెట్టి, "మా మేనత్త," అన్నాడు.

"బువా," అని నేను తర్జుమా చేశాను. పోలీసు కళ్ళు పెద్దవి చేశాడు.

"ఏటి, ఈ బాబుకి మేనత్తల్నేరేటి?" అంది ఏసురత్నం భార్య డైసీ.

"మాకూ మేనత్తే!" "మాకూ!" సంచులు మోస్తున్న వాళ్ళంతా అందుకున్నారు. మా పైడిరాజు కూడా చెయ్యెత్తేశాడు. నాకు తెలియని మేనత్త వాడికెక్కణ్ణుంచి వచ్చిందో!

వాసుదేవరావు నోరు తెరవబోయాడు. అప్పలనరసమ్మ తెరవనిస్తేనా? అతని వైపే వేలు చూపించింది.

"అరె సాబ్, యే భీ మేరా భతీజా! ఈడూ నా మేనల్లుడే, సిన్నప్పుడే సెడిపోనాడు, ఏటి సేత్తాం!"

పోలీసు ఆపుకోలేక నవ్వేసి, లాఠీ చంకలో పెట్టుకుని చాయ్ తాగడానికి వెళ్ళిపోయాడు. ఆవిడ మేనత్త హోదాలో అందరినీ వెంటేసుకుని వాసుదేవరావు కార్ల ముందు నుంచే నడిపించుకుపోయింది.

మర్నాడు వెళ్ళి చూద్దును కదా, స్తంభం దగ్గర లేదు. పోర్టికో నడిమధ్యన, కార్ల స్టాండుకు సరిగ్గా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఇక్కడ కూర్చున్నావేమిటప్పా?" అన్నాను.

"ఆడు నా మేనల్లుడు కదా మాస్టారూ. కళ్ళెదురుగా ఉండాల."