ఆరో రెక్క

ఈ ఉదయం పడవ లెగ్గు కింద మర విప్పగానే నూనె తెల్లగా, పలచటి మజ్జిగలా కారి నా వేళ్ల మీద పడింది. నీళ్లు కలిసిన గేరు నూనెకు ఒక ముక్కిన వాసన ఉంటుంది. ఆ వాసన తగలగానే నా చేయి ఆగిపోయింది. దేవదానం అన్న పోయి ఏడాది కావస్తోంది. ఇలాంటి నూనె కనిపిస్తే ఆయన వెంటనే పానా పట్టేవాడు కాదు. రెండు వేళ్ల మధ్య రాసి చూసి, “జర ఆగు. నీళ్లు యాడికెల్లి వచ్చినయో ముందు చూద్దాం” అనేవాడు. మిగతావాళ్లు ఎంత తొందరపెట్టినా ఆయన తొందరపడిన రోజు నాకు గుర్తు లేదు.

కొల్లాపూర్ దాటాక కృష్ణ ఒడ్డున మా షెడ్డు. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక గుత్తేదారు ఇక్కడ రెండు పెద్ద పడవలు దింపాడు. ఇంజన్ పడవ లోపల వెనకవైపు ఉంటుంది. దాని శక్తిని నీళ్లలోకి చేర్చే భాగం, ప్రొపెల్లర్‌తో సహా, వెనక గోడ బయట వేలాడుతుంది. కాగితాల్లో దాన్ని స్టెర్న్ డ్రైవ్ అంటారు, మేము లెగ్గు అంటాం. దేవదానం అన్న అచ్చంపేట వైపు మనిషి. లారీ ఇంజన్ల దగ్గర మొదలుపెట్టి, విశాఖ రేవులో పదేళ్లు పనిచేసి వచ్చాడు. నేను చౌటుప్పల్‌లో ట్రాక్టర్ల షెడ్డు నుంచి వచ్చాను. పానా పడితే నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. మొదటి రోజే ఆయన నన్ను ఎగాదిగా చూసి, “ట్రాక్టర్ ఆగితే దిగి నడుస్తవ్. ఇది నడి నీళ్లల్ల ఆగితే యాడికి నడుస్తవ్, తమ్మీ?” అన్నాడు. నేను నవ్వేశాను. ఆయన నవ్వలేదు.

చేరిన వారంలోనే ఇంజన్ వేడెక్కుతోందని, పడవ నడిపే సరంగు దాన్ని వెనక్కి తెచ్చాడు. దేవదానం అన్న ఊళ్లో లేడు. నేను బెల్టు మార్చాను, గొట్టాలు మార్చాను, థర్మోస్టాట్ మార్చాను. ఇంజన్ చల్లగా నడిచింది. మర్నాడు ఆయన రాగానే గొప్పగా చెప్పుకున్నాను. “మంచిది. ఏది మారిస్తే బాగైంది?” అని అడిగాడు. మూడూ ఒకేసారి మార్చానని చెప్పాను. పాత సామానంతా ఒక్కొక్కటిగా మళ్లీ నా చేతే బిగింపించాడు. ఒక్కటి బిగించగానే ఇంజన్ నడిపి చూడడం, చూశాకే రెండోది బిగించడం. అన్ని పాతవీ ఎక్కాక కూడా ఇంజన్ చల్లగానే ఉంది. అప్పుడు ఒడ్డున బురదలో పడి ఉన్న పాలిథీన్ కవరును కర్రతో ఎత్తి చూపించాడు. లెగ్గులో నీళ్లు పీల్చుకునే రంధ్రాలను అది మూసేసింది, నేను లెగ్గు పైకి ఎత్తినప్పుడు జారి పడిపోయింది. “కొత్త సామాను దండగ జేసినవ్. పోనీ, ఇంజన్ మొత్తం చూసినట్టయింది నీకు” అన్నాడు. ఆ రోజంతా షెడ్డులో అందరూ నన్ను కవరు ఇంజనీరు అని పిలిచారు. కోపం వచ్చింది కానీ, పని నేర్చుకోవాలంటే ఈయన దగ్గరే నేర్చుకోవాలని ఆ రోజే అనుకున్నాను.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ఇంజన్‌కు నీళ్లు తోడే పంపులో ఆరు రెక్కల రబ్బరు చక్రం ఉంటుంది. అది అరిగితే రెక్కలు విరిగి నీళ్లతో పాటు ముందుకు కొట్టుకుపోతాయి. కొత్త చక్రం వేసేసి చేతులు కడుక్కోవడం అందరూ చేసే పని. ఆయన మాత్రం తెల్ల తువ్వాల పరిచి, విరిగిన తునకలన్నీ వెతికించి, పాత చక్రం చుట్టూ పేర్పించేవాడు. ఆరు రెక్కలూ కనిపిస్తేనే పంపు మూత పెట్టనిచ్చేవాడు. “లోపల ఒక్క తునక ఉన్నా ఒడ్డు మీద తెల్వది. నడి నీళ్లల్లనే తెలుస్తది” అనేవాడు. తర్వాత బల్ల మీది పుస్తకంలో పడవ వెళ్లవచ్చని రాసి సంతకం పెట్టేవాడు. ఆ సంతకం లేనిదే సరంగులు తాడు విప్పేవారు కాదు.

మూడో ఏడు ఒక మధ్యాహ్నం అలాంటి పని నాకు అప్పగించాడు. ఐదు రెక్కలు దొరికాయి, ఆరోది దొరకలేదు. రెండు గంటలు గొట్టాలన్నీ విప్పి వెతికాను. మర్నాడు మా పాప మొదటి పుట్టినరోజు, సాయంత్రం బస్సు తప్పితే ఊరికి చేరలేను. షెడ్డు మూలన చెత్త డబ్బాలో వేరే చక్రం ఒకటి పడి ఉంది. దాని రెక్క ఒకటి తుంచి తువ్వాల మీద పెట్టాను. దేవదానం అన్న వచ్చి ఒక్కో తునకను చేత్తో పట్టి చూశాడు. చివరి తునక దగ్గర కాసేపు ఆగాడు. “అన్ని దొరికినయా?” అన్నాడు. “దొరికినయ్ అన్నా” అన్నాను. సంతకం పెట్టాడు. నేను బస్సెక్కాను.

మర్నాడు జనం ఎక్కువ ఉన్నారని గుత్తేదారు పడవను గంట ముందే పంపించాడు. నది మధ్యలో ఇంజన్ వేడెక్కి బిగుసుకుపోయింది. గాలికి పడవ కొట్టుకుపోయి రాళ్లకు తగిలింది. లెగ్గు విరిగి, వెనక గోడ దగ్గర రబ్బరు తొడుగు చిరిగి నీళ్లు లోపలికి వచ్చాయి. చేపలు పట్టేవాళ్లు గుండ్రటి పుట్టి పడవలు వేసుకుని వెళ్లి అందరినీ ఒడ్డుకు చేర్చారు. ప్రాణాలు దక్కాయి. ఒక ముసలామె చేయి విరిగింది. నేను తిరిగి వచ్చేసరికి షెడ్డులో విచారణ జరుగుతోంది. పంపు ఎవరు బిగించారని గుత్తేదారు అడిగాడు. దేవదానం అన్న నా వైపు చూడకుండా, “నేనే” అన్నాడు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ వారమే ఆయనను పనిలోంచి తీసేశారు, ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. అంత సిగ్గులేని పని నా జీవితంలో మరొకటి లేదు.

నాలుగేళ్లు ఆయన ఊరి పక్కనుంచి బస్సులో పోతూ కూడా దిగలేదు. ఆయనకు బాగాలేదని తెలిశాక వెళ్లాను. ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం మీద పడుకుని ఉన్నాడు. పక్కన ఎవరిదో బోరు మోటరు సగం విప్పి ఉంది. నన్ను చూడగానే లేచి కూర్చుని, “తిన్నవా?” అన్నాడు. తినలేదని కూడా చెప్పలేక, ఉన్నదంతా ఒక్క గుక్కలో చెప్పేశాను.

“ఎరుకే” అన్నాడు. “గా తునక మెత్తగుండె. మనది గట్టి రబ్బరు. పట్టుకోంగనే తెలిసింది.”

“మరి అప్పుడే అడగకపోతివి?”

“బిడ్డ పుట్టినరోజని నువ్వు ఆగమాగమున్నవ్. పోనీ, పొద్దుగాల నేనే విప్పి చూద్దామనుకున్న. పోయేసరికి పడవ లేదు.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “తెలిసి సంతకం బెట్టిన. గది నీ తప్పెట్లయితది?”

కాదన్నా, నాదే అన్నాను. ఆయన చేయి అడ్డం ఊపి, మోటరు బేరింగు ఎలా అరిగిందో చూడమన్నాడు. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. నా తప్పును ఆయన అంత సులువుగా తన మీద వేసుకోవడం నాకు ఊరట కాలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

రెండు నెలలకు పోయాడు. సమాధి చేసిన రోజు జనం వెళ్లిపోయాక ఆయన కూతురు మేరీ నాకు చాయ తెచ్చి ఇచ్చింది. కళ్లు తుడుచుకుంటూ అడిగింది, “మా బాపు పడవ కాడ ఒక్కసారి తప్పు చేసిండు గని, పనిమంతుడే గద అన్నా?”

తప్పు ఎవరిదో చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. చుట్టూ ఎవరూ లేరు, ఆమె నా జవాబు కోసం చూస్తోంది.

“అవునమ్మా” అన్నాను.

ఆయన నేర్పిన పని నా చేతుల్లో ఉంది, దానితోనే బతుకుతున్నాను. ఆ ‘అవునమ్మా’ కూడా నాతోనే ఉంది. అందుకే ఇదంతా రాసిన ఈ కాగితాలు అచ్చుకు ఇచ్చే ముందు మేరీకి పంపుతున్నాను. చదివాక ఆమె నన్ను అన్నా అని పిలుస్తుందో లేదో తెలియదు.