భోజనాల బల్ల దగ్గర ర్యాంకులు

మొన్నొక రోజు ఇక్కడ ఐర్లాండులో మనవరాలిని తోడు తీసుకుని సిటీవెస్ట్‌లో లువాస్ అనే ట్రాము బండి ఎక్కాను. ఎదురు సీట్లో ఒక చైనా పిల్ల కూర్చుంది, పదహారేళ్ళుంటాయేమో. చెవుల్లో తెల్లటి గొట్టాలు, చేతిలో ఫోను, ఫోనులో నాలుగు బొమ్మలు. చెవిలో ఏదో వినపడగానే వేలు ఒక బొమ్మ మీదికి పోవడం, భయపడి వెనక్కి రావడం, మళ్ళీ ఇంకో బొమ్మ మీదికి పోవడం. నేను కళ్ళప్పగించి చూస్తుంటే మనవరాలు నా మోచెయ్యి పొడిచి, “అమ్మమ్మా, స్టాప్ స్టేరింగ్, ఇట్స్ సో రూడ్” అంది. దానికేం తెలుసు? ఆ పరీక్ష మా ఇంట్లో, మా భోజనాల బల్ల దగ్గర, ఒక వేసవి అంతా జరిగిందని, అప్పటికి తనింకా పాలసీసా వదల్లేదని దానికెవరు చెప్తారు? నా ఈడు వాళ్ళు మీరైతే వింటారని చెప్తున్నాను.

నేను చదివింది మూడో తరగతి. ఆ తరవాత తమ్ముళ్ళని ఎత్తుకునే పని పడింది కాబట్టి అంతటితో సరి. పేపరు చదవడం, ఇలా నాలుగు ముక్కలు రాయడం నాకు నేనే పట్టుదలగా నేర్చుకున్నవి. కూతురికి నెలల బిడ్డ ఉందని, ఇక్కడ బిడ్డని చూసే చోట చేరిస్తే వాళ్ళ జీతంలో సగం దానికే పోతుందని, నన్ను పిలిపించారు. అవి ఈ ఊరికి కంప్యూటరు కంపెనీలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడుతున్న రోజులు. లెపర్డ్స్‌టౌన్ వైపు ఎటు చూసినా అద్దాల మేడలు లేచేవట, మా అల్లుడు అక్కడే పని చేసేవాడు. మనుషులు వస్తూనే ఉన్నారు గాని ఇళ్ళు పెరగలేదు. లీజు తిరిగి రాసుకునే నాటికి ఓనరు అద్దె పెంచేశాడు. అప్పుడు మా అమ్మాయి ఒక సంగతి కనుక్కొచ్చింది. చైనా నుంచి హైస్కూలు పిల్లలు వేసవిలో ఇంగ్లీషు నేర్చుకోవడానికి వస్తారట, వాళ్ళని ఇళ్ళల్లో పెట్టుకుని తిండి పెడితే ఇంగ్లీషు బడి వాళ్ళు డబ్బిస్తారట. పై గది ఎలాగూ ఖాళీగా ఉంది, వండేది ఎలాగూ నేనే. సరేనన్నాను.

ఇద్దరు ఆడపిల్లలు వచ్చారు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఒకే బడి, ఒకే బెంచీ. వాళ్ళ పేర్లు నా నోరు తిరగలేదు. నేను పొడుగు పిల్ల, పొట్టి పిల్ల అనుకునేదాన్ని. రెండు మంచాలు వేసి ఉంచితే ఒక మంచం మీద పెట్టెలు పెట్టి, రెండో మంచం మీద ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పడుకునేవాళ్ళు. దుప్పటి ఒకటి ఉతకడం తప్పింది కదా అని రెండో దుప్పటి మడిచి లోపల పెట్టేశాను.

వేసవి చివర వాళ్ళకి పరీక్ష. సగం వినేది, సగం చదివేది. మాట వినిపించి ప్రశ్నలు అడుగుతారు, కాగితం చదివించి ప్రశ్నలు అడుగుతారు. రెండూ పాసైతే ఇక్కడి హైస్కూల్లో ఏడాది చదువుకోనిస్తారు, ఒకటి పోయినా వచ్చిన విమానంలో వెళ్ళిపోవాలి. పొడుగు పిల్ల తల్లి, పరీక్ష కాకముందే, తన కూతురు ఐర్లాండు బడిలో చేరిపోయిందని ఊరంతా చెప్పేసిందట. ఆ పిల్లే ఈ మాట మా అమ్మాయికి చెప్పి, నాకు తిరిగి వెళ్ళడానికి మొహం లేదు ఆంటీ, ఎలాగైనా పాసవ్వాలి అని దణ్ణం పెట్టినంత పని చేసింది. అమ్మాయి పోయి అల్లుడికి చెప్పింది. అక్కడ మొదలైంది.

మా అల్లుడు మా వైపు రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివినవాడు. ఆ కాలేజీల సంగతి మీకు చెప్పేదేముంది, మన ఇళ్ళల్లో పిల్లలు అందరూ ఆ గానుగలో తిరిగినవాళ్ళే. వారం వారం పరీక్ష, ర్యాంకు తగ్గితే సెక్షను మార్చెయ్యడం, మెస్సులో పై సెక్షను వాళ్ళు ముందు తినడం, కింది సెక్షను వాళ్ళు అడుగున మిగిలిన పులుసు పోసుకోవడం. అల్లుడు ఆ రోజుల గురించి గుడికి వెళ్ళొచ్చినవాడిలా చెప్పేవాడు. ఆ పద్ధతే తనని ఇంత దూరం తెచ్చిందని నమ్మినవాడు, ఇంటికొచ్చిన పిల్లలకి వేరే పద్ధతి ఎక్కణ్ణుంచి తెస్తాడు?

రోజూ ఆఫీసు నుంచి రాగానే, బూట్లు విప్పకముందే, పరీక్ష. చదివేదానికి పుస్తకాలు కొనడం దండగని నేనే ఒక ఉపాయం చెప్పాను, తలుపు సందులోంచి సూపర్‌మార్కెట్ల కాగితాలు ఊరికే వచ్చి పడతాయి కదా, అవే చదివించమని. ఏది ఎంత తగ్గింది, ఎప్పటిదాకా తగ్గింది, ఏది కొంటే ఏది ఉచితం అని ప్రశ్నలు వేసేవాడు. పిల్లలు ఆ చదువులో ఆరితేరారు. వినేదానికి మాత్రం బడి వాళ్ళిచ్చిన రికార్డింగులు అతనికి నచ్చలేదు. వాటిల్లో వాళ్ళు మాటలు మింగేస్తున్నారన్నాడు. అందులోని సంగతులన్నీ కాగితం మీద దించుకుని, నడుం నిటారుగా పెట్టి, ఒక్కో మాటా సుత్తితో కొట్టినట్టు తనే చదివేవాడు. వాళ్ళ కాలేజీ లెక్చరరు డిక్టేషను అలాగే చెప్పేవాడట. “రోజూ నాలుగు దేశాల వాళ్ళతో మాట్లాడతానండీ అత్తయ్యగారూ, నా ఇంగ్లీషు అర్థం కాలేదన్న మగాడు లేడు” అనేవాడు.

పరీక్ష అవగానే ర్యాంకులు. ఇద్దరే ఉన్నప్పుడు రెండో ర్యాంకంటే ఆఖరి ర్యాంకే కదా. మొదటి ర్యాంకు వచ్చిన పిల్ల కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటుంది, వేడి అన్నం ముందు తనకే వడ్డించాలి. రెండో పిల్ల కంచం పట్టుకుని వంటింట్లోకి పోయి, స్టూలు మీద సింకు వైపు తిరిగి తినాలి. మొదటి వారంలో చెరో రోజు పంచుకున్నారు. ఆ తరవాత కుర్చీ పొడుగు పిల్లది, స్టూలు పొట్టి పిల్లది అయిపోయాయి.

పొట్టి పిల్ల సింకు దగ్గర అన్నంలో కన్నీళ్ళు కలుపుకుంటుంటే అమ్మాయి ఉండబట్టలేక అడిగింది.

“ఏవండీ, పరాయి పిల్లలండీ. కనీసం ఆ స్టూలు మానిపించండి.”

“పరాయి పిల్లలని వదిలేస్తే పరీక్ష పోతుంది, అప్పుడు నువ్వెళ్ళి ఓదారుస్తావా? నన్నెవరైనా వదిలారా?”

అమ్మాయి నా మొహం చూసింది. అన్నం మానిపించలేదు కదా, చోటేగా మారింది, ఊరుకో అన్నాను. అల్లుడి ఇంట్లో ఉన్న అత్తగారిని కాబట్టి అన్నానని అనుకోకండి. కాస్త కష్టపడితే కరిగిపోతారా అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటాను.

పైగా నేనింకొకటి కలిపాను. మా గోడ పక్కన ఒక ఐరిష్ ముసలావిడ ఒంటరిగా ఉండేది. మోకాళ్ళు పనిచెయ్యవు, పెరట్లో మాత్రం రూబార్బ్ అనే పుల్లటి ఎర్ర కాడలు ఏపుగా పెరిగేవి. గోంగూర దొరకని ఊళ్ళో అదే మాకు గోంగూర. పప్పులో వేస్తే అచ్చం అదే పులుపు. రెండో ర్యాంకు వచ్చిన పిల్ల స్టూలు మీద కూర్చుని ఏడిచే బదులు, తిన్నాక ఆవిడ ఇంటికి పోయి గిన్నెలు కడిగి, చెత్త డబ్బా బయట పెట్టి రావాలని, కూలికి కాడలు తేవాలని కట్టడి చేశాను. నాకు ఖర్చు లేకుండా కూర వచ్చేది. ఆ ముసలావిడ నోరు మూతపడేది కాదు. తలుపు తీయడం ఆలస్యం, “కమాన్ ఇన్, పెట్, యువర్ గ్రాండ్” అని మొదలుపెట్టి, పోయిన మొగుడి సంగతి, స్లైగోలో ఆసుపత్రిలో ఉన్న అక్క సంగతి, ఎదురింటి వాళ్ళ కుక్క సంగతి ఊపిరి తియ్యకుండా చెప్పేది. ఆ సంగతులు తరవాత అమ్మాయి చెప్తే తెలిసినవే, నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. పొట్టి పిల్ల చేతులు నురగలో పెట్టి రోజూ వినేది.

ఒక రోజు పొట్టి పిల్ల, ఆ ముసలావిడ అన్నట్టే, అలమారని ప్రెస్ అంది. పొడుగు పిల్ల పకపకా నవ్వి, తప్పు దిద్దింది. అల్లుడు ఆ రోజు మార్కు కోసేసి, “ఇది చెత్త ఇంగ్లీషు నేర్చుకొస్తోంది పక్కింట్లో” అన్నాడు. అప్పటికి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. రెండో మంచం మీది పెట్టెలు కిందికి దిగాయి, నాకు ఉతికే దుప్పట్లు రెండయ్యాయి. పొడుగు పిల్ల కుర్చీలో కూర్చున్నాక వంటింటి వైపు తిరిగి చూసి మరీ మొదటి ముద్ద తినేది. మా అల్లుడి నీడలో పెరిగిన పిల్లలా తయారైంది. అతను నోరు తెరిస్తే చాలు, ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేది. అతని మొహం వెలిగిపోయేది. ఈ పిల్ల మన పిల్లండీ అనేవాడు.

పరీక్ష అయింది. ఫలితం చెప్పిన రోజు అమ్మాయే వెళ్ళి ఇద్దరినీ తీసుకొచ్చింది. చదివేదాంట్లో ఇద్దరికీ మంచి మార్కులు. వినేదాంట్లో పొట్టి పిల్ల పాసైంది. పొడుగు పిల్ల తప్పింది. కొద్దిలో తప్పడం కూడా కాదు, మొత్తంగా మునిగింది.

పరీక్షలో వినిపించినవి ఇక్కడి మనుషుల మాటలట. ఒక రైతు, ఒక బస్సు డ్రైవరు, ఫోనులో ఎవరో తొందరపడుతున్న ఆడమనిషి. బడిలో టీచర్లు పసిపిల్లలకి చెప్పినట్టు మెల్లగా నమిలి చెప్పేవాళ్ళు, ఇంట్లో అల్లుడు సుత్తితో కొట్టేవాడు, ఆ పిల్ల చెవిలో వేరే ఇంగ్లీషు పడ్డ పాపాన పోలేదు. బడి నుంచి తిన్నగా ఇంటికి రావాలి, ర్యాంకు నిలబెట్టుకోవాలి, అంతే దాని వేసవి. అల్లుడు వచ్చి ఏమైందని అడిగితే తల ఎత్తకుండా ఒకే మాట అంది.

“అంకుల్, దే డిడ్ నాట్ స్పీక్ ఇంగ్లీష్.”

మా అల్లుడు ఆ పిల్ల ఎదురుగానే, దానికి తెలుగు రాదు కదా అన్న ధైర్యంతో, నా వైపు తిరిగి, “కష్టపడలేదండీ అత్తయ్యగారూ. పొగరు తలకెక్కింది. నేను చెప్పడంలో లోపమైతే రెండోది ఎలా పాసైంది?” అన్నాడు. తెలుగు రాకపోతే ఏం, ఇన్నాళ్ళు ఆ గొంతునే విన్న పిల్ల. ఒక్కో మాటా దాని మొహం మీద పడుతుంటే నేను చూశాను.

అన్నం వేళయింది. ఆ రోజు ఎవరూ ర్యాంకు చెప్పలేదు. నేను కంచాలు పెట్టాను. పొడుగు పిల్ల లేచి, తన కంచం తనే తీసుకుని, వంటింట్లోకి వెళ్ళి స్టూలు మీద సింకు వైపు తిరిగి కూర్చుంది. అమ్మాయి లేవబోతే అల్లుడు కళ్ళతోనే ఆపాడు. పొట్టి పిల్ల ఒక్క క్షణం నిలబడి, కిటికీ పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. వెనక్కి తిరిగి చూడలేదు. నేను వేడి అన్నం దాని కంచంలో ముందు వడ్డించాను.

తరవాత పొట్టి పిల్లని బడి వాళ్ళు వేరే ఇంటికి మార్చారు, మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు. పొడుగు పిల్ల వెళ్ళేనాడు మా అల్లుడికి వంగి దణ్ణం పెట్టి, థ్యాంక్యూ అంకుల్ అంది. దారిలో తినమని పులిహోర కట్టిచ్చాను. బస్టాపులో బెంచీ మీదే వదిలేసి వెళ్ళిందని అమ్మాయి వచ్చి చెప్పింది. అన్నం పారేసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట, ఆ ఒక్కసారి మాత్రం తిట్టబుద్ధి కాలేదు. అల్లుడు మరుసటి వేసవికి మళ్ళీ పిల్లలని తెద్దామన్నాడు. అమ్మాయి, నీళ్ళు తాగుతున్న గ్లాసు బల్ల మీద పెట్టి, వద్దంది. ఈ ఇంట్లో అది గట్టిగా అన్న మొదటి మాట అదే.

ఇప్పుడు ఆ పిల్లలెవరూ ఇళ్ళకి రానక్కర్లేదట. వాళ్ళ ఊళ్ళోనే చెవుల్లో గొట్టాలు పెట్టుకుని పరీక్ష రాసేస్తారట. ఏ దేశం గొంతు కావాలంటే ఆ దేశం గొంతు యంత్రమే పెట్టుకుని మాట్లాడుతుందట. ఎవరి వంటింట్లోనూ కూర్చోనక్కర్లేదు, మంచిదే. పక్కింటి ముసలావిడ పోయింది, ఆ ఇల్లు గుంటూరు వాళ్ళు కొని పెరడంతా రాళ్ళు పరిపించారు. ఎదురిల్లు కరీంనగర్ వాళ్ళది, ఆ మూల ఇల్లు విజయవాడ వాళ్ళది. లువాస్ ఎక్కితే ఆఫీసు ఫోన్లు మాట్లాడుకునే మన కుర్రాళ్ళ గొంతులే, నిటారుగా, ఒక్కో మాటా సుత్తితో కొట్టినట్టు. డాక్టరు దగ్గరా అదే, మందుల షాపులోనూ అదే. ఇక్కడి వాళ్ళు కూడా ఆ మాటకి అలవాటు పడిపోయి తలలూపుతున్నారు. ఆ పొడుగు పిల్ల నేర్చుకున్న ఇంగ్లీషు ఇప్పుడు ఈ వీధిలో పొద్దు పొడిచింది మొదలు వినిపిస్తూనే ఉంటుంది. తప్పేమీ నేర్చుకోలేదు పాపం. కాస్త ముందొచ్చింది, అంతే.