లోపల వదిలిన గుడ్డ

కుట్టుమిషన్ నూనె వాసన తగిలితే చాలు, నేను మళ్లీ పుంగనూరులో మా వీధి వాకిట్లో ఉంటాను. మొన్న ట్రంకుపెట్టె తెరిస్తే ఆ వాసనతోపాటు అమ్మ ఆకుపచ్చ రవికె బయటపడింది. తిరగేసి చూస్తే పక్క కుట్టు దగ్గర విప్పేసిన రెండు వరసల సూది గుర్తులు, ఇంకా విప్పని మూడో కుట్టు.

కుప్పం నుంచి అమ్మమ్మ పంపిన గుడ్డ అది. గంగ జాతర వస్తోందంటే ఊరి రవికెలన్నీ కుట్టడానికి మా వాకిట్లోనే ఉండేవి. మిషన్ టకటకలు, వేపాకు వాసన, పెనం మీద కాలే ఓళిగల నేతి ఘుమఘుమ, పీలికలతో బొమ్మలకు చీరలు కట్టే పిల్లలం మేము, మధ్యలో పళ్ల సందున దారం పట్టుకుని కళ్లతోనే జవాబులు చెప్పే అమ్మ.

మా నాన్న మదనపల్లె టమోటాల లారీ తోలేవాడు. ఆయన చిక్కి శల్యమై చనిపోయిన ఏడాదే అమ్మకూ రక్తపరీక్ష చేశారు. డాక్టరమ్మ గొంతు తగ్గించి హెచ్ఐవీ అంది. అంతకు ఏళ్ల ముందు, నేను ఒకటో తరగతిలో ఉండగా అమ్మకు రెండు వారాలు జ్వరం, గొంతునొప్పి, ఒంటినిండా దద్దుర్లు వచ్చి వాటంతటవే తగ్గిపోయాయి; బహుశా జబ్బుకు మొదలు అదేనట. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏమీ లేదు, రెండు బిందెలు ఒకేసారి మోసేది. ఆపైన మెడకింద గడ్డలు, నడుం చుట్టూ సర్పి పొక్కులు, నోట్లో తెల్లపూత, ఆగని విరేచనాలు.

సంగతి వీధికి తెలిసింది. పక్కింటి రెడ్డెమ్మత్త గడప బయటే నిలబడి, "మా గుడ్డలు ఇచ్చేయమ్మా, నీకు సూది గుచ్చుకునుంటే ఎట్ల?" అంది.

"జబ్బు నా రక్తంలో ఉండాది, నీ రవికెలో కాదు," అని గుడ్డలు మడిచి చేతికిచ్చింది అమ్మ.

ఒళ్లు తగ్గేకొద్దీ ఆకుపచ్చ రవికె వదులైంది. అమ్మ చేతులు వణుకుతుంటే పక్క కుట్టు నేనే వేశాను. మూడోసారి బిగించాక లోపల మిగిలిన గుడ్డ కత్తిరించబోతే, కత్తెర లాక్కుంది.

"యాల కత్తిరిస్తావు? మళ్లీ లావైతాను, విప్పుకోవల్ల."

నాకు ఏడుపొచ్చింది. ఆ జాతరకు అమ్మ అదే రవికె తొడుక్కుని, నా భుజం పట్టుకుని, వీధి మధ్యలో నడిచింది. జనం పక్కకు జరిగారు. అమ్మ జరగలేదు.

కొన్నాళ్లకు పెద్దాసుపత్రిలో ఉచితంగా మందులివ్వడం మొదలైంది. నెలనెలా బస్సెక్కి వెళ్లేవాళ్లం. మొదట్లో వాంతులు, పీడకలలు. అయినా ఒక్క పూటా మానలేదు. ఆరేడు నెలలకు ఒక కుట్టు విప్పాను. మరుసటి ఏడు రెండోది. రెడ్డెమ్మత్త మనవరాలి పెళ్లి రవికెలు తెస్తే అమ్మ కుట్టిపెట్టింది. నేనైతే కుట్టేదాన్ని కాదు, ఆ కోపం నాకింకా తీరలేదు.

ఇప్పుడా వాకిలి లేదు, షట్టర్ల కొట్లు వచ్చాయి. జాతరకు రెడీమేడ్ రవికెలు కొంటున్నారు. వీధిలోని అవ్వలు పోయారు, నాన్న ఎప్పుడో పోయాడు.

మిగిలిన మూడో కుట్టు కూడా విప్పి రవికె పక్కగదిలోకి తీసుకెళ్లాను. తొడుక్కోబోయి, చెయ్యి మోచేతి పైనే ఇరుక్కుపోతే విసుక్కుంది అమ్మ.

"ఇంకొంచెం గుడ్డ వదిలుండల్ల పాపా, ఇది చాలదు."